ఎక్కడినుండి? ఎక్కడికి?

(షోలాపురం తెలుగువారి ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంతటి సభలో మాట్లాడుటకు పండితులు ఉండగా, మెట్రిక్ దాటని రైల్వే గుమాస్తాలం, మమ్ములను నిలబెట్టినారు. కార్యదర్శిగారు "మీకు తోచినది చెప్పండి, పుస్తకాల్లోది వద్దు" అన్నారు. ఆ మాట పట్టుకొనే ధైర్యం చేసినాం.

నేడు 2026 మార్చి 19. పరాభవ నామ సంవత్సరం ప్రవేశించినది. ఆ పేరు వినగానే మా ఇంటి పెద్దమ్మ "ఇదేం పేరు బిడ్డా!" అన్నది. పరాభవమంటే ఓటమి, అవమానం. కాని ప్రభవ మొదలు అక్షయ వరకు గల అరువది పేర్లలో ఇది నలుబదవది. వరుసలో వచ్చినదే గాని, మనమీద కోపంతో వచ్చినది కాదు. క్రిందటిసారి ఈ పేరు 1966లో వచ్చినది. అప్పుడు మన పెద్దల ఇండ్లలో చేతిమగ్గాలు ఇంకా ఆడుతూండేవి. ఆ ఏడు గడిచిపోయినది. మగ్గాలు మారినవి. మనం ఇక్కడే ఉన్నాం.

ఈ సభకు వస్తూ మీరు వీధుల్లో చూచే ఉంటారు. పొరుగింటి మరాఠీవారు వెదురుకర్రకు కొత్తబట్ట కట్టి, పైన చెంబు బోర్లించి, వేపమండతో, పూలదండతో గుఢీ నిలబెట్టినారు. మన పిల్లలు "గుడి అంటే దేవాలయం కదా, కర్రకు ఆ పేరెందుకు?" అని ఏటేటా అడుగుతూనే ఉంటారు. కన్నడంవారికి కూడా నేడే యుగాది. చంద్రమానం పాటించే మన ముగ్గురికీ చైత్ర శుద్ధ పాడ్యమే సంవత్సరాది. తమిళులకూ, ఒరియావారికీ సూర్యమానం గనుక వారి సంవత్సరాది ఏప్రిల్ నడుమ వస్తుంది. వేప వారూ తింటున్నారు, మనమూ తింటున్నాం. ఇక ఆ గుఢీమీది బట్ట ఎవరు నేసినారని అడిగితే, అది మన పేట మగ్గంమీదిదే కావచ్చును.

ఇక మా పనిలోనుండి ఒక ముచ్చట చెబుతాం. రైలులో పంపే ప్రతి మూటకూ ఒక చీటీ ఉంటుంది. ఈనాడు ఆ చీటీని కంప్యూటరే వ్రాసి ఇస్తున్నది. అయినా దానిలో రెండు గడులు మాత్రం పాతకాలమునుండి మారలేదు. ఒకటి "ఎక్కడినుండి", రెండవది "ఎక్కడికి". షోలాపురం దుప్పట్ల మూట ఎంత గట్టిగా కట్టినా, ఎంత మంచి సరుకైనా, రెండవ గడిలోని ఊరు చెరిగిపోయినదంటే ఆ మూట దారి తప్పినట్లే. ఏదో ఒక స్టేషనులో మూలన పడి ఉంటుంది. అడిగేవారు లేకపోతే చివరకు వేలంలో పోతుంది. ఏ ఊరినుండి బయలుదేరినదో స్పష్టంగా వ్రాసి ఉన్నంత మాత్రాన అది గమ్యం చేరదు.

వలసవచ్చిన మనబోటివారి సంగతి కూడ ఇట్లే ఉన్నదని మాకు తోస్తున్నది. ఇద్దరు తెలుగువారు కలిస్తే మొదటి ప్రశ్న "మీది ఏ ఊరు?" అని. ఆ గడి మనం చక్కగా నింపుతాం. రెండవ ప్రశ్న, "ఇక్కడ మనం ఎందుకొరకు బ్రతుకుతున్నాం?" అన్నది, మనను ఎవరూ అడుగరు. మనమూ అడుగుకోం. నేటి నాలుగు మాటలూ ఆ రెండు గడులను గురించే.

మొదటి గడి చూద్దాం. మన పెద్దలు ఎక్కువమంది కరీంనగర్, వరంగల్, నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలనుండి వచ్చినవారు. అక్కడ కరవులు, అప్పులు, మిల్లుబట్ట వచ్చి కూలిపోయిన చేనేత. ఇక్కడ నూలు, బజారు, రైలు. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వే 1860లో షోలాపురం చేరినది. 1871లో రాయచూరు వరకు పోయి మద్రాసు లైనుతో కలిసినది. 1874లో వాడీనుండి హైదరాబాదుకు దారి పడినది. ఇక్కడ మొదటి నూలుమిల్లు 1877లో లేచినది. రైలు ఎక్కినవారు కొందరు, బండ్లమీద వచ్చినవారు కొందరు, కాలినడకను వచ్చినవారు కొందరు. మన అమ్మమ్మలు, నాయనమ్మలు బీడీ ఆకు కత్తిరించుట నేర్చినారు. తాతలు మగ్గంమీద దుప్పటి నేసినారు. షోలాపురం దుప్పటికి ఈనాడు దేశవిదేశాల్లో పేరున్నది. ఆ ఊరి పేరిట దానికి భౌగోళిక గుర్తింపు కూడ వచ్చినది. ఆ పేరులో మన చేతులు ఉన్నవి.

అయితే, ఆ "ఎక్కడినుండి" అన్న ఊరు ఈ నూరేండ్లలో ఎన్ని పేర్లు మార్చుకొన్నదో చూడండి. మన ముత్తాత బయలుదేరినప్పుడు అది నిజాము రాజ్యం. 1948 తర్వాత హైదరాబాదు రాష్ట్రం. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న తెలంగాణ. ఇటు మనం దిగిన ఊరు మొదట బొంబాయి ఇలాకా, తర్వాత బొంబాయి రాష్ట్రం, 1960 మే 1 నుండి మహారాష్ట్ర. ముత్తాత ఒక్కడే, దారి ఒక్కటే. బోర్డులు మాత్రం మారుతూ వచ్చినవి. కాబట్టి బోర్డుమీది పేరునే పట్టుకొని "ఇదే మేము" అనుకొంటే ఆ పట్టు ఎప్పుడో జారిపోతుంది. అక్కడికి పోతే మనను "షోలాపురంవాళ్లు" అంటారు. ఇక్కడ "తెలుగువాళ్లు" అంటారు. దీనికి కొందరు బాధపడతారు. రెండు చోట్ల పేరున్నవానికి బాధ ఎందుకని మేము అంటాం. రెండు చోట్లా పనికిరాకుంటేనే బాధపడవలె.

ఇక్కడ మన యువకులు ఒక ప్రశ్న వేస్తారు. వారిని గద్దించి లాభం లేదు, జవాబు చెప్పవలె. "మాకు మరాఠీ వచ్చును, హిందీ వచ్చును, ఇంగ్లీషు చదువుతున్నాం. ఉద్యోగం పుణెలో. తెలుగు దేనికి?" అని వారి ప్రశ్న. ఉద్యోగానికి తెలుగు కావాలని చెబితే అబద్ధమే అవుతుంది. పూర్వవైభవం చెబితే వారు మర్యాదకు తల ఊపి వెళ్లిపోతారు. అందుచేత మేము ఈ ఊరిలో జరిగిన సంగతే చెబుతాం.

కొద్ది నెలల క్రిందట మన పేటలో ఒక ముసలమ్మకు రాత్రివేళ జబ్బు చేసినది. కొడుకూ, కోడలూ ఊళ్లో లేరు. కాలేజీ చదువుతున్న మనుమడు ఆటోలో ఎక్కించి ఆసుపత్రికి తీసికొనిపోయినాడు. బుద్ధిమంతుడు, మూడు భాషలు వచ్చినవాడు. డాక్టరు మరాఠీలో అడిగినాడు. నలుబదేండ్లు బీడీలు చుట్టిన ఆ ముసలమ్మ, ఆ కంగారులో వచ్చిన మరాఠీ కూడ మరచిపోయి, "కడుపుల దేవుతున్నది బిడ్డా, కండ్లు బైర్లు కమ్ముతున్నయి, ఎడమ రెక్క గుంజుతున్నది" అన్నది. మనుమనికి కడుపు అన్నమాట ఒక్కటే అందినది. కడుపునొప్పి అని చెప్పినాడు. అదృష్టవశాత్తు పక్కమంచం వద్ద మన తెలుగు ఆడమనిషి ఒకామె ఉండి, రెక్క సంగతి విడమర్చి చెప్పినది. డాక్టరు వెంటనే గుండె పరీక్ష చేయించినాడు. ముసలమ్మ బ్రతికి ఇంటికి వచ్చినది.

ఆ పిల్లవానికి మూడు భాషలు వచ్చును. నాయనమ్మ నొప్పి మాత్రం నాలుగవ భాషలో ఉన్నది. తెలుగు దేనికి అంటే దీనికి. మనిషి సుఖంగా ఉన్నప్పుడు ఏ భాషలోనైనా మాట్లాడుతాడు. నొప్పిలోనూ, భయంలోనూ, ప్రాణం పోయేవేళా తల్లి నేర్పిన మాటే నోట వస్తుంది. ఆ మాట విని అర్థం చేసికొనేవారు ఇంటిలో ఒకరుండవలె. భాష మన ఘనత కొరకని అనుకొంటే అది అలమారలో పెట్టిన వెండి పళ్లెం వంటిది. పక్కవాని కొరకని అనుకొంటే అది త్రాగే నీళ్ల చెంబు.

ఇక విశ్వాసం సంగతి. మనలో పద్మశాలీలు ఎక్కువమంది కనుక మార్కండేయుని మాట చెప్పుకొందాం. ఇతర కులాలవారూ, ఏసుప్రభువును కొలిచేవారూ, అల్లాను కొలిచేవారూ ఈ సభలో ఉన్నారు. వారికి తమ గ్రంథాల్లో ఇదే భావం దొరుకుతుందని మా నమ్మకం.

మృకండు మహర్షికి సంతానం లేదు. తపస్సు చేయగా శివుడు ప్రత్యక్షమై రెండు దారులు చూపినాడు. దీర్ఘాయువు గల గుణహీనుడైన కొడుకు కావాలా, పదహారేండ్లే బ్రతికే గుణవంతుడు కావాలా అని. ఋషి రెండవదే కోరుకొన్నాడు. యముడు రావడం, బాలుడు లింగాన్ని కౌగిలించుకోవడం, శివుడు కాలాన్ని గెంటివేయడం మనందరికీ తెలిసినవే. మనం చిరంజీవి అయిన మార్కండేయునికే మొక్కుతాం. శ్రావణ పూర్ణిమనాడు రథం లాగుతాం. కాని ఆ కథకు మొదలు తండ్రి ఎంపికలో ఉన్నదని మాకు అనిపిస్తుంది. ఎన్నేండ్లు బ్రతుకుతాడు అని ఆయన అడుగలేదు, ఎట్లు బ్రతుకుతాడు అని అడిగినాడు. ఈ రోజుల్లో మనం పిల్లలకొరకు దేవుణ్ణి ఏమి అడుగుతున్నామో ఎవరికివారు ఆలోచించుకోవలె. ఆ మార్కండేయుని వంశాన భావనారుషి పుట్టి తామరతూండ్లనుండి నూలు తీసి దేవతలకు వస్త్రం నేసినాడని మన కులపురాణం. అంటే మన పురాణంలో దేవునికి అందిన మొదటి పూజ చేతిపనియే.

మన ఊరి దేవుని సంగతి కూడ చూడండి. సిద్ధరామేశ్వరుడు 12వ శతాబ్దంవాడు, బసవన్న కాలంవాడు. ఆయన వచనాలు కన్నడంలో ఉన్నవి. ఊరి చుట్టూ 68 లింగాలు నెలకొల్పినాడు. అంతకంటె ముఖ్యం, చెరువు త్రవ్వించినాడు. వాన తక్కువైన ఈ నేలమీద ఆయన భక్తి నీరై నిలిచినది. నేటికీ ఆ చెరువు నడుమనే ఆయన గుడి. సంక్రాంతి జాతరలో నందిధ్వజాలు ఊరేగేటప్పుడు కన్నడంవారూ, మరాఠీవారూ, మనమూ ఒకే వీధిలో నిలబడతాం. ఎనిమిది వందల ఏండ్లలో ఈ ఊరి పాలకులు ఎందరో మారినారు, వీధిలో వినబడే భాష మారినది. చెరువు త్రవ్వినవాని పేరు మాత్రం మారలేదు. "ఆయనది మా భాష కాదు" అని మొక్కకుండ వెళ్లిన తెలుగువాణ్ణి మేము ఇంతవరకు చూడలేదు.

దేవుణ్ణి నమ్మడమంటే మన చేతి పని మనకు మించి మరొకరికి చేరుతుందని నమ్మడమే అని మేము అనుకొంటున్నాం. చెరువు త్రవ్వినవాడు ఆ నీళ్లు త్రాగే మనను చూడలేదు. అయినా త్రవ్వినాడు.

ఇక రెండవ గడి, "ఎక్కడికి" అన్నది. ఈ ఊరిలో 1910లో ద్వారకానాథ్ కోట్నీస్ పుట్టినాడు. డాక్టరు చదివినాడు. జపాను యుద్ధంలో చిక్కిన చైనాకు 1938లో మన కాంగ్రెసు పంపిన అయిదుగురు డాక్టర్లలో ఒకడై వెళ్లినాడు. తక్కినవారు తిరిగివచ్చినారు. ఆయన అక్కడే నిలిచి, ఆ భాష నేర్చి, గాయపడిన సిపాయిలకు శస్త్రచికిత్సలు చేస్తూ, 1942 డిసెంబరు 9న కన్నుమూసినాడు. అప్పటికి ఆయన వయస్సు 32. మా వయస్సు దాదాపు అంతే. ఆయన కథను శాంతారాం 1946లో సినిమాగా కూడ తీసినాడు. ఆయనా వలసపోయినవాడే. పోయినచోట వారి మాట నేర్చినాడు, వారి నొప్పి విన్నాడు. షోలాపురంవాడు కాకుండ పోయినాడా? ఈ ఊరివారు ఈనాటికీ ఆయన పేరు తమ బిడ్డ పేరుగా చెప్పుకొంటున్నారు.

అంతటి పని మనవంటివారికి ఎక్కడ సాధ్యమని అనవచ్చును. అయితే మన తల్లులను చూడండి. బీడీలు చుట్టే ఆడవాండ్లు ఏండ్ల తరబడి కలిసి నిలబడగా, కుంభారి వద్ద గోదుతాయి పరులేకర్ పేరిట 10,000 ఇండ్ల కాలనీ లేచినది. 2006లో ఆ ఇండ్ల తాళాలు అందినవి. వారిలో తెలుగు తల్లులు ఎందరో. నిలబడినప్పుడు వారు పక్కనున్నదాని మతం అడుగలేదు, భాష అడుగలేదు. అయినా ఏ ఒక్కతె తన దేవుణ్ణి గాని, తన మాటను గాని వదలుకోలేదు.

కాబట్టి ఈ సంవత్సరానికి మూడు చిన్న పనులు సభవారి ముందు పెడుతున్నాం.

మొదటిది. ప్రతి ఇంట రాత్రి భోజనాలయ్యాక పావుగంట తెలుగు. అక్షరాలు మెల్లగా వస్తవి. ముందు మాటలు రానివ్వండి. నాయనమ్మను పిల్లల పక్కన కూర్చోబెట్టి, ఒంటి నొప్పుల మాటలు, వంటింటి మాటలు, మగ్గం మాటలు, అంటే పడుగు, పేక, నాడె, కండె, ఆసు వంటివన్నీ, ఒక నోటుపుస్తకంలో వ్రాయించండి. పిల్లలు ఏ లిపిలో వ్రాసినా సరే, మొదట వ్రాయనివ్వండి. వచ్చే ఉగాదికి ఆ పుస్తకాలు ఈ బల్లమీదికి రావలె.

రెండవది. ఆదివారంనాడు సంఘం వరండాలో ఒక బల్ల, రెండు కుర్చీలు. బీడీ పనివారికి, మరమగ్గాల పనివారికి భవిష్యనిధి కాగితాలు, పింఛను కాగితాలు, బ్యాంకు కాగితాలు నింపిపెట్టడం. మరాఠీలో వచ్చిన ఉత్తరం చదివి తెలుగులో చెప్పడం, తెలుగులో చెప్పినది మరాఠీలో వ్రాసిపెట్టడం. కాగితాలు నింపడమే మా వృత్తి. నెలకు రెండు ఆదివారాలు రైల్వేవాళ్లం ముగ్గురం కూర్చుంటాం. మిగిలిన ఆదివారాలకు కాలేజీ పిల్లలు ముందుకు రావలె. నాలుగు భాషలు వచ్చిన మన పిల్లలకంటె ఈ పనికి తగినవారు ఊరిలో ఎవరున్నారు? ఆ బల్ల దగ్గరికి తెలుగురానివారు వచ్చినా కాగితం నింపి పంపవలె.

మూడవది. 2021లో జరుగవలసిన జనాభా లెక్కలు వాయిదాపడి, 2027 మార్చి 1 నాటి లెక్కగా జరుగబోతున్నవి. మాతృభాష అడిగినప్పుడు వెనుకాడక తెలుగు అని చెప్పండి. వచ్చిన ఇతర భాషలు అడిగితే మరాఠీ అని కూడ అంతే గర్వంగా చెప్పండి. ఒకటి మనను కన్నది, రెండవది అన్నం పెట్టినది. అయితే లెక్కలవారి కాగితంలో తెలుగు అని పడగానే మన పని తీరినదని అనుకోరాదు. అది మొదటి గడి మాత్రమే.

పెద్దలారా, ఈ పరాభవ నామం మళ్లీ 2086లో వస్తుంది. ముందు వరుసలో ఉన్న ఈ పదేండ్ల పిల్లలు అప్పటికి డెబ్బది ఏండ్ల పెద్దలు. ఆనాడు వారిలో ఎవరికైనా రాత్రివేళ నొప్పి వచ్చి, నోట తెలుగుమాట వస్తే, అది విని చెప్పేవాడు పక్కన ఉండవలె. అంతకు మించిన కీర్తి మనకు అక్కరలేదు.

పులిహోర చల్లారుతున్నది. పిల్లల ముఖాలు చూస్తే ఇక ఆపుట ధర్మం. అందరికీ ఉగాది శుభాకాంక్షలు, పొరుగువారికి పాడవా శుభాకాంక్షలు. సెలవు.